తాత పద్యం, నా 64 బిట్లు

ఆ మధ్య మా అక్క కొడుకు అక్షరాభ్యాసానికి బాసర వెళ్ళాం. నిజామాబాద్‌లో బండెక్కితే గోదావరి బ్రిడ్జి దాటగానే బాసర. గుళ్ళో తంతు అంతా అయిపోయి సత్రం గదికొచ్చాక అందరూ తలో మూల వాలిపోయారు. మా వాడు మాత్రం బియ్యం పళ్ళెం ముందేసుకుని ఒక్కో గింజా తీసి నేలమీద వరసగా పేర్చడం మొదలెట్టాడు. వాడి పక్కన మా తాత. రిటైరైన తెలుగు పండితుడు. కాసేపు వాడి వరసలు చూసి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"ఏం రా, గీ గింజలు చదరంగం గళ్ళల్ల ఒకటి, రెండు, నాలుగు అనుకుంట రెట్టింపు జేస్కుంట పోతె, అరవై నాలుగు గళ్ళకు మొత్తం ఎన్నయితయి?"

ఇది మనకి కొట్టిన పిండే కదా. "2^64 లోంచి ఒకటి తీసెయ్యాలె తాతా" అన్నాను.

"గదెంత?"

ఫోన్లో క్యాలిక్యులేటర్ తీశాను. 1.8446744, పక్కన పదికి 19వ ఘాతం. అది చదివి వినిపిస్తే తాత మొహం అదోలా పెట్టాడు. "గదేం లెక్క బిడ్డా? ఆఖరి అంకె ఏది మరి?"

నేను ఇంకో యాప్ కోసం వెతుకుతుంటే ఆయన కళ్ళు మూసుకుని ఒక పద్యం ఎత్తుకున్నాడు. రెండు పాదాలు కూడా పూర్తిగా పట్టలేదు. ఆ తర్వాత పిల్లాడి కొత్త పలక తీసుకుని, బలపంతో కుడిచేతి వైపు నుంచి ఎడమకి ఒక్కో అంకే రాసుకుంటూ వచ్చాడు. పలక చివర చోటు చాలక రెండో వరసలోకి పోయింది. మొత్తం ఇరవై అంకెలు: 18446744073709551615.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు ఆశ్చర్యం కన్నా చిరాకే ఎక్కువ వచ్చింది. ఈ పద్యం గురించి మన ఫోన్లలో ఫార్వర్డ్ అయ్యే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది: "వెయ్యేళ్ళ క్రితమే తెలుగువాడు 64 బిట్ కంప్యూటింగ్ కనిపెట్టాడు" అని. అది చూసి చూసి ఉన్నానేమో, నోరు జారింది. "రెట్టింపు చేసుకుంట పోతె ఎవరికైనా అదే వస్తది గద తాతా, ఇండ్ల గొప్పేముంది?" అనేశాను.

తాత ఏమీ అనలేదు. తడి గుడ్డతో పలక తుడిచి పిల్లాడి చేతిలో పెట్టాడు. అంతే. హైదరాబాద్ వచ్చాక కూడా ఆ తుడవడమే గుర్తొస్తూ ఉంది. ఆయనకి నేను సరైన జవాబు బాకీ పడ్డాననిపించింది. ఇది ఆ బాకీ తీర్చే ప్రయత్నం.

ముందు తేలిక పని. బ్రౌజర్ కన్సోల్ తెరిచి జావాస్క్రిప్ట్‌లో ఆ ఇరవై అంకెలూ కొట్టాను. తిరిగి చూపించింది: 18446744073709552000. ఇందులో మనకి తెలియంది లేదు, ఆ భాషలో మామూలు సంఖ్యకి ఉన్నది 53 బిట్ల ఖచ్చితత్వమే. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇలాగే 64 బిట్ ఐడీల చివరి అంకెలు మారిపోయి, ఒకరి ఆర్డరు ఇంకొకరి స్క్రీన్ మీద కనపడి రెండు రాత్రులు నిద్రలేదు. (కోడు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.) అదే సంఖ్యని పైథాన్‌లో వేస్తే చివరి అంకె దాకా సరిగ్గా వచ్చింది, తాత పలక మీద రాసినట్టే. అంటే నా క్యాలిక్యులేటరూ, నా బ్రౌజరూ పారేసుకున్న అంకెల్ని ఒక పద్యం పోగొట్టుకోకుండా దాచింది. "ఆఖరి అంకె ఏది?" అని తాత అడిగింది ఉత్తి మాట కాదు. సుమారుగా ఎంత అన్నది ఎవరైనా చెప్తారు, ఆఖరి అంకె చెప్పడమే పని.

ఇప్పుడు పద్యం సంగతి. పావులూరి మల్లన రాశాడని చెప్పుకుంటారు. మల్లన మన తొలి గణిత కవి. కాలం 11వ శతాబ్దం అని ఎక్కువమంది అంటారు, 12 అని కొందరు. రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం తెలుగు చేస్తున్న రోజుల్లోనే ఈయన లెక్కల పుస్తకం తెలుగు చేశాడని సంప్రదాయం. దాని పేరు సారసంగ్రహ గణితం, జనం నోట్లో పావులూరి గణితం. మూలం మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. మహావీరుడు జైనుడు, 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడు.

ఇది మరీ ఎక్కడో దూరపు సంగతి కూడా కాదు. రాష్ట్రకూటుల సామంతులైన వేములవాడ చాళుక్యులు ఏలింది మన కరీంనగర్, బోధన్ ప్రాంతాలనే. కరీంనగర్ దగ్గర కురిక్యాల గుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. వాళ్ళూ జైనులే. మహావీరుడు బాసర వచ్చాడని నేననడం లేదు. లెక్కలు, జైనం, తెలుగు పద్యం ఈ నేల మీద ఒకదాన్నొకటి ఎరిగినవే అంటున్నా, అంతే.

మహావీరుడికి పెద్ద సంఖ్యలంటే సరదా. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకేలా ఉండే లబ్ధాల్ని ఆయన కంఠాభరణాలు అన్నాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది. వేసి చూసుకోండి. దీని గుట్టు ఏమిటంటే అది 111111 వర్గం. 441 అంటే 21 వర్గం, 27994681 అంటే 5291 వర్గం, 21 × 5291 = 111111. మెడలో హారం అందంగా కనపడుతుంది, లోపల దారం 111111.

పద్యంలో అంకెలు నేరుగా ఉండవు. భూతసంఖ్యలని, ఒక్కో అంకెకి లోకంలో అన్ని ఉన్న వస్తువు పేరు వాడతారు. చంద్రుడంటే 1, ఎందుకంటే ఒక్కడే. అగ్ని అంటే 3, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కొండలు 7, దిగ్గజాలు 8, ఒంట్లో రంధ్రాలు 9, ఆకాశం సున్నా. చదివేటప్పుడు ఒకట్ల స్థానం ముందు వస్తుంది, అందుకే తాత కుడి నుంచి ఎడమకి రాశాడు. మన భాషలో చెప్పాలంటే పద్యం లిటిల్ ఎండియన్ :)

దీనిలో సుఖం ఏమిటంటే పర్యాయపదాలు. మన సంఖ్యలో 7 మూడుసార్లు వస్తుంది. కవి మూడుసార్లూ కొండే అన్నాడు కానీ మూడు వేరు వేరు మాటలు వాడాడు, గణానికి ఏది సరిపోతే అది. 4 నాలుగుసార్లు వస్తే రెండుసార్లు సముద్రం, ఒకసారి వేదం, ఒకసారి బ్రహ్మ ముఖాలు. అంకె మారకుండా మాట పొడవు మార్చుకునే వెసులుబాటన్నమాట. ఇంకో లాభం, ఒక మాట మరిచిపోతే నడక కుంటుతుంది, చెవికి వెంటనే తెలిసిపోతుంది. అయితే దీన్నే పెద్ద ఎర్రర్ కరెక్షన్ అని నేను చెప్పను. ఐదుకి వాడిన రెండక్షరాల మాట తీసేసి అదే కొలతలో ఏడుకి సరిపోయే మాట పెడితే గణం చెడదు. పాదం మొదట్లో అయితే ప్రాస పట్టిస్తుంది, మధ్యలో అయితే దొరక్కుండా పోవచ్చు. మాట ఎగిరిపోతే పట్టుకుంటుంది, మాట మారిపోతే కొన్నిసార్లే పట్టుకుంటుంది. తాళపత్రాల కాలానికి అది తక్కువేమీ కాదు.

ఇంతకీ ఈ ఇరవై అంకెలు రాబట్టడం ఎలా? అరవై మూడుసార్లు రెట్టింపు చేసి, మధ్యలో ఎక్కడా తప్పకుండా, అన్నీ కలిపారా? అక్కర్లేదు. మహావీరుడి పుస్తకంలో గుణశ్రేఢికి సూత్రం ఉంది. అదే పని పింగళుడు ఛందశ్శాస్త్రంలో ఇంకా ముందే, క్రీస్తు పూర్వమే చెప్పాడు. సంఖ్య సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి, గుర్తులు పెట్టుకుంటూ కిందికి దిగు. తిరిగి పైకి వచ్చేటప్పుడు సగం చేసిన చోట వర్గం చెయ్యి, ఒకటి తీసిన చోట రెండుతో గుణించు. 64 అయితే 32, 16, 8, 4, 2, 1. ఆరు సగాలు. కాబట్టి 2 నుంచి మొదలుపెట్టి ఆరు వర్గాలు: 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616. చివర్లో ఒకటి తీసెయ్యడం. ఇంటర్వ్యూల్లో అడిగే ఫాస్ట్ ఎక్స్‌పొనెన్షియేషన్ ఇదే. నేను కాలేజీలో దీన్ని రష్యా వాళ్ళదో అమెరికా వాళ్ళదో అనుకుని బట్టీ పట్టా.

ఆ మెట్లని ఒకసారి చూడండి. 256 మన బైటు. 65536 మన 16 బిట్లు. 4294967296 మన 32 బిట్లు. ఆరో మెట్టు 64.

ఇంకో తమాషా ఉంది. మల్లన సంఖ్యని కారణాంకాలుగా విడగొట్టాలంటే మళ్ళీ ఆ మెట్లే చాలు. చిన్నప్పుడు చదువుకున్న వర్గాల భేదం సూత్రం గుర్తుందా? దాంతో 2^64 − 1 అంటే (2^32 − 1) × (2^32 + 1). ఎడమ ముక్కని మళ్ళీ అలాగే విడగొట్టుకుంటూ పోతే మిగిలేది ప్రతి మెట్టుకీ ఒకటి కలిపిన సంఖ్య: 3, 5, 17, 257, 65537, 4294967297. వీటి లబ్ధమే మన పద్యం సంఖ్య. 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఫెర్మా వీటినే పట్టుకుని ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. మొదటి ఐదూ నిజమే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ 641తో భాగించి చూపించాడు, 641 × 6700417. ఫెర్మా నమ్మకం అక్కడితో సరి. 17 భుజాల క్రమ బహుభుజిని వృత్తలేఖిని, కొలబద్దలతో గీయొచ్చని 1796లో గాస్ తేల్చింది కూడా ఈ వరస సంఖ్యల వల్లే. 65537 అయితే మీ సర్టిఫికెట్లు తెరిస్తే పబ్లిక్ ఎక్స్‌పొనెంట్ అని కనపడుతూనే ఉంటుంది. ఈ గొడవలేవీ మల్లనకి తెలియవు, ఆయనకి అవసరమూ లేదు. కానీ ఆయన పేరు మీద ఉన్న ఒక్క సంఖ్యలో ఇవన్నీ కూర్చుని ఉన్నాయి.

అన్నట్టు ఆ బియ్యం ఎంతవుతుందో చూద్దామనిపించింది. వెయ్యి గింజలు 20 గ్రాములు అనుకుందాం. సగం బల్ల దాకా, అంటే 32 గళ్ళకి, మొత్తం 86 టన్నులు. ఓ ఎనిమిది తొమ్మిది లారీలు, ఏ రైసు మిల్లులోనైనా ఉంటాయి. రాజు ఇక్కడిదాకా నవ్వుతూనే ఇచ్చి ఉంటాడు. పూర్తి బల్లకి దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. ఓరుగల్లు పడిపోయిన 1323 నుంచి నేటిదాకా ఇప్పటి స్థాయిలో ఏటా పండించి, ఒక్క గింజ తినకుండా దాచినా బొటాబొటి. 32 బిట్ల నుంచి 64కి మారామని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, తేడా లారీలకీ ఏడొందల ఏళ్ళ పంటకీ ఉన్నంత.

ఇక ఫార్వర్డ్ మెసేజ్ సంగతి. 64 బిట్ కంప్యూటింగ్ కనిపెట్టాడన్నది తప్పు, ఈ విషయంలో నా మాట మార్చుకోను. ఈ సంఖ్య ఒక్క తెలుగులోనే ఉన్నదీ కాదు. క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్ బిరూనీ తన కాలగణన పుస్తకంలో చదరంగం గళ్ళ మొత్తం ఇదేనని, ఇదే వర్గాలు చేసే దారిలో లెక్క చూపించాడు. చదరంగం మన దగ్గర్నుంచి పారశీకం మీదుగా అరబ్బులకి వెళ్ళింది, దాంతో పాటు ఈ లెక్కా తిరిగింది. ఎవరు ముందు అని కొట్టుకోవడం దండగ.

మరి కంప్యూటర్‌లో, పద్యంలో ఒకే సంఖ్య ఎందుకొచ్చింది? ఇందులో సగం కాకతాళీయం, సగం కాదు. చదరంగం బల్ల 8 × 8, అష్టాపదం అనే పాత ఆటబల్ల నుంచి వచ్చింది. మన రిజిస్టర్ కూడా 8 బైట్లు, బైటుకి 8 బిట్లు. ఆ ఎనిమిది స్థిరపడింది 1964లో ఐబీఎం సిస్టమ్ 360తో, అక్షరాలు పట్టాలన్న అవసరం కోసం. ఈ ఎనిమిదికీ ఆ ఎనిమిదికీ చుట్టరికం లేదు, ఇది కాకతాళీయం. కాని భాగం ఏమిటంటే, గడి గడికీ రెట్టింపయ్యే గింజలు అచ్చంగా బిట్ల స్థాన విలువలే. అన్ని గళ్ళూ నిండితే అన్ని బిట్లూ ఒకట్లే. చెస్ ఆడే ప్రోగ్రాములు రాసేవాళ్ళు నిజంగానే బల్లని ఒక 64 బిట్ సంఖ్యగా దాచుకుంటారు, గడికో బిట్టు.

ఇక్కడిదాకా వచ్చి, తాతకి చెప్పడానికి ఇది చాలు అనుకున్నా. కానీ పింగళుడి దగ్గర ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఛందస్సు శాస్త్రం రాసినాయనకి రెండు ఘాతాలతో పనేమిటి? పద్యానికీ 2^nకీ ఏం సంబంధం?

జవాబు మన హైస్కూలు తెలుగు వాచకంలోనే ఉంది, నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు. అక్షరం లఘువైనా కావాలి, గురువైనా కావాలి. మూడక్షరాల గణాలు ఎన్ని? ఎనిమిది. య మ త ర జ భ న స. ఎనిమిది ఎందుకంటే 2 × 2 × 2. ఇరవై ఒక్క అక్షరాల పాదానికి ఎన్ని నడకలు సాధ్యం? 2^21, అంటే 2097152. ఛందస్సు వాళ్ళు వీటన్నిటినీ ఒక వరసలో పేర్చే పద్ధతి పెట్టుకున్నారు, దాని పేరు ప్రస్తారం. వరసలో ఫలానా నంబరు నడక ఏదో చెప్పడం నష్టం. నడక ఇస్తే దాని నంబరు చెప్పడం ఉద్దిష్టం. ఉద్దిష్టం ఎలాగంటే, పాదంలో అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టింపు చేసుకుంటూ రాయాలి. లఘువుల మీద ఉన్నవి కూడి ఒకటి కలపాలి. జగణం లఘువు, గురువు, లఘువు. 1 + 4, దానికి 1 కలిపితే 6. జగణం వరసలో ఆరోది. ఇది చదివి కుర్చీలోంచి లేచి కాసేపు అటూ ఇటూ తిరిగా. లఘువు ఒకటి, గురువు సున్నా, ఎడమ వైపు చిన్న బిట్టు. ఇంతకన్నా బైనరీ ఏం కావాలి?

తాత చదివిన పద్యం చంపకమాల. న జ భ జ జ జ ర. పాదానికి 21 అక్షరాలు. అక్షరాల మీద 1, 2, 4 వేసుకుని, లఘువులవి కూడి, ఒకటి కలిపాను. 711600 వచ్చింది. తెలుగు లక్షణ గ్రంథాల్లో చంపకమాల పక్కన ఏముందో చూశాను. 711600వ వృత్తం అని ఉంది. ఉత్పలమాలకి వేస్తే 355799, అదీ సరిపోయింది.

ఫార్వర్డ్ చేసేవాళ్ళు వెతికిన చోట తప్పుంది. బిట్లు ఉన్నది పద్యం చెప్పే సంఖ్యలో కాదు, పద్యం నడకలో. బియ్యం గింజల సంఖ్య ఎవరు రెట్టింపు చేసినా వస్తుంది, నేను తాతతో అన్నది ఆ వరకు నిజమే. కానీ ఆ సంఖ్యని మోస్తున్న చంపకమాలకి వరస నంబరు ఇవ్వాలంటే లఘువు, గురువుల్ని రెండు గుర్తులుగా చూసి, స్థానం బట్టి రెట్టింపయ్యే విలువలిచ్చి, కూడాలి. దాన్ని వాళ్ళు పద్యాల కోసం చేశారు, యంత్రాల కోసం కాదు. అలాగని చిన్న పనీ కాదు.

ఆదివారం తాతకి ఫోన్ చేశాను. ముందు బాసరలో అన్నదానికి తప్పయిందన్నాను. "గదెప్పుడో మర్చిపోయిన" అన్నాడు, మర్చిపోలేదని గొంతులో తెలుస్తూనే ఉంది. మెల్లగా "తాతా, నువ్వు సదివిన పద్యం వరసల ఎన్నోదో ఎరికేనా?" అని మొదలుపెట్టాను. మాట పూర్తవకముందే "ఏడు లక్షల పదకొండు వేల ఆరు వందలు" అన్నాడు. నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మనిషికి నేను కనిపెట్టానని చెప్పబోయాను చూడండి.

అది ఎలా వస్తుందో మటుకు ఆయన ఎప్పుడూ వేసి చూడలేదట, పుస్తకంలో ఉన్నది చెప్పాడంతే. దాంతో ఉద్దిష్టం ఫోన్లోనే వివరించాను. అవతల బలపం గీస్తున్న చప్పుడు వినిపించింది, మనవడి పలకే అయి ఉంటుంది. చాలాసేపయ్యాక "సరిగనే వచ్చింది" అన్నాడు. వెంటనే, "మత్తేభం చెప్పు మరి."

నేను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను. ఆ టకటకలు ఆయనకి వినపడ్డట్టున్నాయి.

"అది కాదు బిడ్డా, చేత్తోటి."

స భ ర న మ య వ అని కాగితం మీద రాసుకుని కూర్చున్నా. మొదటిసారి 4096 దగ్గర గురువుని లఘువు అనుకుని తప్పేశాను. రెండోసారికి 298676 వచ్చింది.